చెంచాడు అవిసె పొడి



ఈమధ్య మా బహదూర్‌పల్లిలో ఏ కొట్టుకు వెళ్లినా అవిసె గింజల ప్యాకెట్ కనిపిస్తోంది. టెక్ మహీంద్రా, మహీంద్రా యూనివర్సిటీ వచ్చాక ఊరి రూపే మారింది. నర్సాపూర్ రోడ్డు పొడవునా అపార్ట్‌మెంట్లు లేచాయి, పాత ఊరి కిరాణా కొట్టు పక్కనే సూపర్ మార్కెట్ వచ్చింది. రెండు చోట్లా అవిసెలు ఉన్నాయి. పొద్దున నడకలో కలిసే ఆడవాళ్లు అడిగే మాటలు కూడా దాదాపు ఇవే: "రాత్రి నానబెట్టి పొద్దున మింగాలా, పొడి చేసుకోవాలా?" "బీపీ తగ్గుతుందట, నిజమేనా?" "వేడి చేస్తాయంటున్నారు, ఎండాకాలం మానెయ్యాలా?" వీటికి తోచినట్టు జవాబు చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. అవిసెలు తింటే అన్ని రోగాలూ పోతాయని ఒకరంటే, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు. ఈ గింజలో నిజంగా ఏముందో, మన వంటింట్లో దాన్ని ఎలా వాడుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

ముందుగా ఒక సంగతి. చియా గింజల పక్కన, ఓట్స్ పక్కన పెట్టి అమ్ముతున్నారు గనుక ఇది కూడా ఎక్కడో విదేశాల నుంచి వచ్చిన తిండి అనుకుంటున్నారు చాలామంది. కాదు. ఇక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్లు పోతే జహీరాబాద్. అక్కడి చేలల్లో యాసంగిలో శనగ, కుసుమ, గోధుమల నడుమ అవిసెలు వేయడం పాత అలవాటు. వానాకాలం వెళ్లాక విత్తుతారు. నేలలో మిగిలిన తేమ, రాత్రి కురిసే మంచు, ఆ రెండే దానికి ఆధారం. బోరు అక్కర్లేదు, ఎరువు బస్తా అక్కర్లేదు. ఇలా పండేవాటిని అక్కడి రైతు మహిళలు సత్యం పంటలంటారు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు ఈ విత్తనాలను ఇళ్లలో దాచి, ఒకరి నుంచి ఒకరికి మార్చుకుంటూ నిలబెట్టాయి. ఏటా సంక్రాంతికి మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర వాళ్లదే. మాచనూరులో 2008లో సంఘం రేడియో పెట్టి, తమ పంటల గురించి తామే మాట్లాడుకున్నదీ వాళ్లే. రేడియోలో అవిసెల గురించి మాట్లాడేటప్పుడు ఆ అక్కచెల్లెళ్లను తలుచుకోకపోతే నాకు మనసొప్పదు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది.

అవిసె మొక్క మోకాటి ఎత్తు దాటి నడుము దాకా పెరుగుతుంది. సన్నని కాడలు, సన్నని ఆకులు. పువ్వు లేత నీలం. పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికల్లా రేకులు రాలిపోతాయి. అందుకని ఎండెక్కాక చేలోకి వెళ్తే పూత లేదనుకుంటారు. పూల తర్వాత చిన్న గుండ్రని కాయలు కాస్తాయి, ఒక్కో కాయలో పది దాకా గింజలుంటాయి. ఈ మొక్క కాడ నుంచి తీసిన నారతోనే లినెన్ బట్ట నేస్తారు. ఈజిప్టు మమ్మీలకు చుట్టింది ఆ బట్టే. గింజ కోసం పెంచే రకాలు వేరు, నార కోసం పెంచేవి వేరు. మన దగ్గర గింజ రకాలే. ఇంకొక్క మాట: పెరట్లో పెరిగి, పెద్ద పూలు పూసే అవిసె చెట్టు, ఆకు కూర వండుకునేది, వేరే జాతి. దాని గింజలు తెచ్చి దీనికి బదులు వాడకండి.

మహారాష్ట్రలో దీన్ని జవస్ అంటారు, జొన్న భాకరీలోకి జవస్ చట్నీ లేకుండా మరాఠ్వాడా భోజనం ఉండదు. అటు కలబురగి వైపు జొన్న రొట్టెతో అగసె చట్నీ పొడి. ఆ సరిహద్దున ఉన్న మన జిల్లాల్లోనూ రొట్టె, అవిసె కారం కలిసే ఉండేవి. తర్వాత వరి పెరిగింది, పత్తి పెరిగింది, సన్ ఫ్లవర్ నూనె ప్యాకెట్ వచ్చింది. రొట్టె తగ్గిన ఇళ్లలో అవిసె కారం కూడా తగ్గింది.

ఇక అసలు సంగతికి వద్దాం. మనకు, అంటే తెలుగువాళ్లకు, ఈ గింజ ప్రత్యేకంగా ఎందుకు కావాలి?

మీ వంటింట్లో నూనె డబ్బా మీద ఏం రాసి ఉందో చూడండి. పల్లీ నూనె కావచ్చు, సన్ ఫ్లవర్ కావచ్చు, నువ్వుల నూనె, పామాయిల్, రైస్ బ్రాన్, ఏదైనా కావచ్చు. వీటిలో ఒమేగా-3 కొవ్వు దాదాపు లేదు, రైస్ బ్రాన్‌లో ఉన్నదీ కొద్దిగానే. ఈ కొవ్వును మన ఒళ్లు తనంతట తాను తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. ఒమేగా-6 అనే ఇంకో రకం కొవ్వు కూడా తిండి నుంచే రావాలి, కానీ అది మన నూనెల్లో దండిగా ఉంది. బెంగాల్‌లో ఆవనూనె వాడతారు, అందులో ఒమేగా-3 కొంత ఉంది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు కవ్వలు, కానాగంతలు దొరుకుతాయి. తెలంగాణ మధ్యలో, అందులోనూ మాంసం, చేప ముట్టని ఇంట్లో, పల్లీ నూనెతో వండుకుని తెల్లన్నం తినేవాళ్లకు అది ఎక్కడి నుంచి రావాలి?

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. అక్కడ పనిచేసిన శాస్త్రవేత్త డాక్టర్ గఫూరున్నీసా మన నూనెల మీద, మన తిండిలోని కొవ్వుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఒమేగా-6 ఎక్కువై ఒమేగా-3 తక్కువవుతోందని, ఒకే నూనెను పట్టుకుని కూర్చోకుండా మార్చి మార్చి, కలిపి వాడుకోవాలని చెప్పిన తొలి తరం శాస్త్రవేత్తల్లో ఆమె ఒకరు. మనం నగరం ఒక చివర రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధనా సంస్థను, ఇంకో వైపు పోషకాహార సంస్థను పెట్టుకుని, గింజల గురించి ఫోన్‌లో వచ్చే వీడియోల నుంచి నేర్చుకుంటున్నాం. నాకు బాధ కలిగించే విషయం ఇది.

లెక్క చాలా సులువు. పెద్దవాళ్లకు రోజుకు ఒక గ్రాము నుంచి గ్రామున్నర పైచిలుకు మొక్కల ఒమేగా-3 సరిపోతుంది. ఒక టేబుల్ స్పూన్ అవిసె పొడి, అంటే సుమారు 7 గ్రాములు, అందులో 1.6 గ్రాముల ఒమేగా-3 ఉంది. ఒక్క చెంచాతో ఆ రోజు లెక్క తీరిపోయింది. పైగా రెండు గ్రాముల పీచు, గ్రాము పైచిలుకు మాంసకృత్తులు. 37 కేలరీలే. ఇంత చిన్న కొలతలో ఇంత ఒమేగా-3 ఇచ్చే తిండి మన పరిసరాల్లో ఇంకోటి నాకు కనిపించదు.

అయితే చేపలోని ఒమేగా-3, గింజలోని ఒమేగా-3 ఒకటి కాదు. గింజలోది మన ఒంట్లో చేరాక, అందులో కొద్ది భాగమే చేపలో ఉండే రూపానికి మారుతుంది. కాబట్టి చేప తినేవాళ్లు అవిసెలు దొరికాయని చేప మానెయ్యనక్కర్లేదు. మాంసాహారం తినని ఇంటికి మాత్రం ఇది మంచి ఆధారం. మన గంగవాయిలి కూర కూడా ఈ విషయంలో మెచ్చుకోదగ్గది. మేడ్చల్, శామీర్‌పేట వైపు కూరగాయల చేలల్లో కలుపుగా పెరిగే ఆ కూరలో, ఆకుకూరలన్నిటిలోకీ ఎక్కువగా ఈ ఒమేగా-3 ఉంటుంది. పప్పులో వేసి వండుకునేవాళ్లు ఆ అలవాటు పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు నానబెట్టాలా, పొడి చేయాలా అన్న ప్రశ్న. అవిసె గింజ నువ్వు గింజ కంటే కాస్త పెద్దది. పలచగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. ఆ నునుపు పెంకుదే. ఆ పెంకు పళ్ల కింద సరిగ్గా నలగదు, పేగుల్లో కరగదు. అలాగే మింగితే గింజ గింజలాగే బయటికి పోతుంది. నీళ్లలో వేస్తే పెంకు చుట్టూ జిగురు వస్తుంది, ఆ జిగురు విరేచనం సాఫీగా కావడానికి పనికొస్తుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు నానబెట్టిన గింజలతో ఆ మేలు ఉంది. కానీ లోపలి ఒమేగా-3, మాంసకృత్తులు, లిగ్నాన్లనే పదార్థాలు ఒంటబట్టాలంటే గింజ పగలాలి. అందుకని నా మాట: పొడి చేసుకోండి.

పొడి చేశారు గనుక ఇంకో జాగ్రత్త. పెంకు ఉన్నంతసేపు లోపలి నూనె భద్రం. నెలల తరబడి నిలవ ఉంటుంది. పగిలాక గాలి తగిలి కనరు వాసన పట్టేస్తుంది. అందుకే ఆరు నెలలకు సరిపడా గిర్నికి పట్టించే పని పెట్టుకోకండి. వారానికి సరిపడా చేసుకుని, మూత గట్టిగా ఉన్న సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. మూత తీయగానే పెయింటు వాసన లాంటిది వచ్చిందంటే పారేయండి. "డబ్బు పోసి కొన్నాం కదా" అని తినొద్దు.

కారప్పొడి చేసే పద్ధతి చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. ఒక కప్పు అవిసెలు. పదిహేను ఎండు మిరపకాయలు, కారం తక్కువ తినేవాళ్లకు పది చాలు. ఒక చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, రెండు రెమ్మల కరివేపాకు, చిన్న ఉసిరికాయంత చింతపండు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, రుచికి ఉప్పు.

గింజల్లో చిన్న రాళ్లుంటాయి, చాటలో పోసి చెరగండి. కడగొద్దు, జిగురై చేతికి అంటుకుంటాయి. అడుగు మందంగా ఉన్న మూకుడు పెట్టి, నూనె లేకుండా, సన్న సెగ మీద వేయించండి. మొదట నిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఒకటీ అరా చిటపటమంటుంది, ఆ వెంటనే అన్నీ కలిసి చిటపటలాడుతూ పైకి ఎగురుతాయి. గరిటె ఆపకుండా తిప్పాలి. కమ్మటి వాసన వచ్చి, చప్పుడు కాస్త తగ్గుతుండగానే దించి పళ్లెంలోకి వంపేయండి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి, మాడితే చేదు. అదే మూకుట్లో మిర్చి, ధనియాలు, జీలకర్ర, కరివేపాకు వేయించండి. అన్నీ పూర్తిగా చల్లారాక మిక్సీలో వేయండి. మిర్చి, చింతపండు, ఉప్పు ముందు, అవిసెలు తర్వాత, వెల్లుల్లి చివర్న. మిక్సీ ఒక్కసారిగా తిప్పకండి. ఆపి ఆపి తిప్పండి. వదలకుండా తిప్పితే నూనె బయటికొచ్చి ముద్ద కడుతుంది. కొంచెం బరకగా ఉంటేనే రుచి.

వేడన్నంలో ఈ పొడి, చెంచా నెయ్యి. ఇడ్లీలోకి, దోసెలోకి, జొన్న రొట్టెలోకి. వంకాయ కూర, బీరకాయ కూర దించే ముందు ఒక చెంచా చల్లితే పులుసు చిక్కబడుతుంది, రుచీ పెరుగుతుంది. కారం వద్దనుకునే పిల్లలకు వేయించిన అవిసెలు, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి దంచి చిన్న లడ్డూలు కట్టండి. ఉప్పు కూడా వేయని ఒట్టి పొడి ఒక సీసాలో ఉంచుకుంటే రొట్టె పిండిలో, చపాతీ పిండిలో, మజ్జిగలో కలుపుకోవచ్చు. గుడ్డు తినని ఇళ్లలో కేకు చేసేవాళ్లకు ఒక చిట్కా: ఒక టేబుల్ స్పూన్ పొడిలో మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచితే జిగటగా అవుతుంది, ఒక గుడ్డుకు బదులు అది వేయొచ్చు.

మరి రోగాల మాట? కెనడాలోని విన్నిపెగ్‌లో కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయే జబ్బు ఉన్న 110 మంది మీద ఒక పరీక్ష చేశారు. సగం మందికి రోజూ 30 గ్రాముల అవిసె పొడి కలిపిన తినుబండారాలు, మిగిలినవాళ్లకు అవిసెలు లేని అలాంటివే ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో తిన్నవాళ్లకూ తెలియదు, ఇచ్చినవాళ్లకూ తెలియదు. ఆరు నెలల తర్వాత చూస్తే అవిసెలు తిన్నవాళ్లలో బీపీ పై అంకె సుమారు 10, కింది అంకె సుమారు 7 తక్కువగా ఉంది. 2013లో ఈ ఫలితం అచ్చయింది. తిండితో బీపీ ఇంత తగ్గడం చిన్న విషయం కాదు. కాని వాళ్లు తిన్నది రోజుకు నాలుగు టేబుల్ స్పూన్లు, అదీ ఆరు నెలలు వదలకుండా, మందులు మానకుండా. ఈ చివరి మాట దయచేసి మరిచిపోవద్దు. అవిసెలు మొదలుపెట్టి బీపీ మాత్ర ఆపేసేవాళ్లను తలుచుకుంటే నాకు భయమేస్తుంది.

కొలెస్ట్రాల్ విషయంలో 28 పరీక్షలను కలిపి చూసి 2009లో ఒక లెక్క తీశారు. గింజ రూపంలో తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గింది, ముఖ్యంగా ముట్లుడిగిన ఆడవాళ్లలో. అవిసె నూనె తాగినప్పుడు ఆ మేలు కనబడలేదు. అంటే పీచు, లిగ్నాన్లు కూడా పనిచేస్తున్నాయన్నమాట. ఖరీదు పెట్టి నూనె క్యాప్సూళ్లు కొనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

అన్నిటికీ పనిచేస్తుందా అంటే, లేదు. ముట్లుడిగే వయసులో ఒళ్లంతా ఆవిర్లు వచ్చే బాధకు అవిసెలు మందని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో 188 మంది ఆడవాళ్ల మీద ఆరు వారాలు చూశారు. అవిసెలు తిన్నవాళ్లకూ, తిననివాళ్లకూ తేడా ఏమీ రాలేదు. షుగర్ విషయంలో పీచు వల్ల కొంత మేలు ఉండొచ్చు గానీ, ఫలితాలు అన్ని పరీక్షల్లో ఒకేలా లేవు. బరువు తగ్గడానికి ఇందులో మంత్రమేమీ లేదు. భోజనం అలాగే ఉంచి దాని మీద నాలుగు చెంచాలు అదనంగా తింటే బరువు పెరగడమే.

జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. మొదటి వారం టీ స్పూన్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు టేబుల్ స్పూన్లు. నీళ్లు బాగా తాగాలి. "వేడి చేసింది" అని చెప్పేవాళ్లలో చాలామంది ఒక్కసారే ఎక్కువ తిని, నీళ్లు తాగక, కడుపుబ్బరం తెచ్చుకున్నవాళ్లే. మజ్జిగతో తీసుకుంటే సుఖంగా ఉంటుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి. ఏ మాత్రకైనా అవిసెలకూ మధ్య ఒకటి రెండు గంటల ఎడం ఉండాలి, ఎందుకంటే ఆ జిగురు మందును సరిగ్గా ఒంటబట్టనివ్వదు. గర్భిణులు, రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తినకూడదు, ఈ గింజలోని లిగ్నాన్లు ఆడ హార్మోనును కొంతవరకు పోలి ఉంటాయి. పేగులు ఇరుకైన జబ్బు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. పచ్చి గింజల్లో సయనైడ్‌ను పుట్టించే పదార్థాలు కొద్దిగా ఉంటాయి, వేయిస్తే తగ్గుతాయి. చెంచా రెండు చెంచాల దగ్గర ఆగే పెద్దవాళ్లకు దాని వల్ల భయం లేదు. గుప్పెళ్లతో పచ్చివి తినకండి, చిన్నపిల్లలకు పచ్చివి పెట్టకండి.

జుట్టు గురించి అడుగుతారు. రెండు చెంచాల గింజలు రెండు కప్పుల నీళ్లలో ఉడికిస్తే గుడ్డులోని తెల్లసొనలా జిగటగా వస్తుంది. వేడి మీదే పలచటి బట్టలో వడకట్టాలి, చల్లారితే బట్టలోంచి దిగదు. తలకు రాస్తే వెంట్రుకలు మెత్తబడి చెప్పినట్టు వింటాయి. ఊడిన జుట్టు దీనితో మొలుస్తుందని మాత్రం చెప్పలేను. ఫ్రిజ్‌లో ఉంచి వారంలోగా వాడేయాలి.

ఇంట్లో క్రికెట్ ఆడే పిల్లలుంటే లిన్సీడ్ ఆయిల్ పేరు మీకు తెలిసే ఉంటుంది. బ్యాటుకు రాసే ఆ నూనె ఈ గింజదే. గాలి తగిలితే అది ఆరి పొరలా గట్టిపడుతుంది. అందుకే బొమ్మలు వేసే ఆయిల్ పెయింటులో, తలుపులకు వేసే వార్నిష్‌లో, పాత కిటికీల అద్దాలకు పెట్టే లప్పంలో అదే వాడతారు. నూనె ఆ గుణం వల్లే పొడి త్వరగా చెడిపోతుంది కూడా. పెయింటు షాపులో అమ్మే ఆ నూనె, ముఖ్యంగా 'బాయిల్డ్' అని రాసి ఉన్నది, ఎట్టి పరిస్థితిలోనూ నోట్లో పెట్టకూడదు. త్వరగా ఆరడానికి అందులో లోహపు రసాయనాలు కలుపుతారు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. తినడానికి అమ్మే అవిసె నూనె వేరు. దాన్నీ పోపుకు వాడొద్దు, కాస్త వేడికే పొగ చూరుతుంది.

కొనేటప్పుడు ఒక పని చేయండి. పొడి కొనకండి, గింజలే కొనండి. రెండు గింజలు నమిలి చూడండి, కమ్మగా ఉండాలి, నాలుక మీద చేదు మిగలకూడదు. ఆ గింజలు ఎక్కడివని కొట్టువాణ్ని అడగండి. జహీరాబాద్ వైపు వెళ్లే పని పడినప్పుడు అక్కడి రైతుల దగ్గర కిలో తెచ్చుకోండి. మన అపార్ట్‌మెంట్ల వాళ్లు నలుగురు కలిసి వాళ్లతో నేరుగా మాట్లాడుకుంటే ఇంకా మేలు, నీళ్లు అడగని ఆ పంటకు కొనేవాళ్లున్నారని వాళ్లకూ తెలుస్తుంది. విత్తేది అక్టోబరులో గనుక, మాట ముందే ఇవ్వాలి.